రణరంగమున వైద్యుడు

తుపాకిగుండు తగిలి నేలకూలిన మనిషికి ప్రాణము పోవుటకు ఎక్కువ కాలము పట్టదు. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో కొన్ని నిమిషములలోనే దేహములోని నెత్తురు చాలవరకు కారిపోవును. ఆ కొద్ది నిమిషములలో ఎవరైన వచ్చి గట్టిగా కట్టు బిగించినచో అతడు బ్రతుకును. రానిచో, ఎంత గొప్ప ఆసుపత్రి ఎంత చేరువలో నున్నను ప్రయోజనము లేదు. ఈ సంగతి నేడు మనకు సామాన్యముగా తోచును. కాని రెండువందల ముప్పది యేండ్ల క్రిందట ఐరోపాఖండమున మహాసైన్యములను నడపిన వారు దీనిని పట్టించుకొనలేదు. గాయపడినవాడు వైద్యుని కడకు వచ్చుట కాదు, వైద్యుడే గాయపడినవాని కడకు పోవలెనని నిశ్చయించి, ఇరువది యేండ్లకు పైగా గుండ్లవానలో నిలిచి ఆ నిశ్చయమును చెల్లించుకొన్నవాడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు దొమినిక్ లారే.

లారే 1766వ సంవత్సరము జూలై 8వ తేదీన జన్మించెను. ఫ్రాన్సు, స్పెయిను దేశములకు నడుమ గోడవలె నిలిచియున్న పిరెనీసు పర్వతముల ఒడిలో బోదెయాన్ అను చిన్న పల్లె కలదు. అదియే అతని జన్మస్థలము. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించెడివాడు. లారే బాలుడై యుండగనే ఆ తండ్రి గతించెను. తండ్రి తోడబుట్టినవాడొకడు తులూజు పట్టణమున శస్త్రవైద్యుడుగా పేరు గాంచియుండెను. పదుమూడేండ్ల బాలుడు కొండలు దిగి కాలినడకన ఆ పట్టణము చేరెనని చెప్పుదురు. బంధువు అతనిని చేరదీసి, తన వృత్తినే నేర్పెను. ఆ కాలమున శస్త్రవైద్యము నేర్చుట యనగా పుస్తకములు చదువుట మాత్రమే కాదు. గాయములు కడుగుట, కట్లు కట్టుట, రోగి బాధతో గింజుకొనుచుండగా అతనిని పట్టుకొనుట మొదలగునవన్నియు శిష్యుని పనులే. నొప్పి తెలియకుండ చేయు మత్తుమందు అప్పటికి ఇంకను లోకమునకు తెలియదు. అది వాడుకలోనికి వచ్చినది 1846 తరువాతనే. చీము పట్టించు సూక్ష్మజీవుల మాట ఎవరును ఎరుగరు. చేతి నేర్పు, చేతి వేగము, రోగిపై దయ, ఈ మూడే వైద్యునికి ఆయుధములు.

విద్య ముగించి లారే పారిసు చేరెను. 1787లో నావికాదళమున శస్త్రవైద్యుడుగా ఎంపికయై, ఒక యుద్ధనౌకపై అట్లాంటిక్ మహాసముద్రము దాటి న్యూఫౌండ్‌లాండు తీరమునకు పోయెను. కాని సముద్రము అతనికి పడలేదు. ఓడ కదలినది మొదలు తల తిరుగుడు, వాంతులు. తరువాతి కాలమున ఫిరంగుల మ్రోతకు కనురెప్ప యైనను అల్లార్చని వాడు అలలకు ఓడిపోయెను. తిరిగి పారిసు వచ్చి, దెసో అను సుప్రసిద్ధ గురువు కడ మరల చదువు సాగించెను. 1789 జూలై 14వ తేదీన ప్రజలు బాస్తీలు కోటను ముట్టడించి పట్టుకొన్నప్పుడు ఆ నగరమున ఉన్నవారిలో లారే ఒకడు. ఆనాటి అల్లరులలో గాయపడినవారికి అతడు చికిత్స చేసెను. వీధిలో పడిపోయిన మనిషికి ఏ పక్షమువాడని అడుగక వైద్యము చేయుట అతనికి అక్కడనే అలవాటయ్యెను.

విప్లవము తరువాత ఫ్రాన్సునకు ఇరుగు పొరుగు రాజ్యములతో యుద్ధము వచ్చెను. 1792లో లారే రైను నదీతీరపు సేనలో చేరెను. అక్కడ అతడు చూచిన దృశ్యము జీవితాంతము మరపునకు రాలేదు. నాటి సైనిక నిబంధనల ప్రకారము వైద్యశాల యుద్ధభూమికి రెండు మూడు మైళ్ళ వెనుక నుండవలెను. వైద్యులును, మందులును, బరువైన బండ్లును అచ్చటనే నిలిచియుండును. యుద్ధము ముగిసిన పిమ్మటనే గాయపడిన వారిని ఏరి తెచ్చుట ఆచారము. పగలంతయు పోరు సాగినచో వారు పగలంతయు అట్లే పడియుండవలసినదే. రాత్రియైనచో ఆ రాత్రియు అంతే. ఒక్కొక్కప్పుడు మరునాటి మధ్యాహ్నమునకు గాని బండ్లు వచ్చెడివి కావు. సైన్యము ఓడి వెనుదిరిగినచో వారి గతి చెప్పనక్కరలేదు. మెల్లగా దొర్లి వచ్చిన ఆ బండ్లు ఎక్కించుకొనునవి చాలవరకు శవములే.

ఇదే సేనలో తేలిక ఫిరంగుల దళమొకటి ఉండెను. గుర్రములు ఆ ఫిరంగులను రెక్కలు కట్టుకొన్నట్లు ఒకచోటినుండి మరియొక చోటికి లాగుకొనిపోవుచుండెను. లారే ఆ వేగమును చూచెను. చంపునట్టి యంత్రము అంత వేగముగా పోగలిగినప్పుడు, బ్రతికించునట్టి బండి పోలేకపోవుట ఏమని అతనికి తోచెను. ఆలోచన చిన్నదే. కాని అంతకుముందు యుద్ధములు చేసిన వేలమందికి అది తోచలేదు. అతడు సేనాపతి అనుమతి పొంది కొత్త విధమైన బండ్లను సిద్ధపరచెను. వాటికి ఎగిరెడి వైద్యశకటములని పేరు వచ్చెను.

ఆ బండ్ల నిర్మాణమును కొంచెము తెలిసికొనుట మంచిది. మైదాన ప్రదేశములకు రెండు చక్రముల బండి. దానిని రెండు గుర్రములు లాగును. లోపల ఇద్దరు మనుష్యులు కాళ్ళు చాపుకొని పడుకొనవచ్చును. కొండ ప్రాంతములకు నాలుగు చక్రముల బండి. దానికి నాలుగు గుర్రములు. కుదుపు తగలకుండ బండిపెట్టెను స్ప్రింగులపై వ్రేలాడగట్టిరి. లోపలి గోడలకు మెత్తను కుట్టిరి. గాలి ఆడుటకు చిన్న కిటికీలు పెట్టిరి. పడక అడుగుపలకకు చిన్న చక్రములుండుటచే, దానిని బయటకు లాగి, గాయపడినవానిని పండుకొనబెట్టి, మరల లోపలికి త్రోయవచ్చును. విరిగిన ఎముక గలవానిని ఎత్తి దించుటలో కలుగు బాధ ఎట్టిదో తెలిసినవాడు మాత్రమే ఇట్టి ఏర్పాటు చేయగలడు. వైద్యులు గుర్రములపై బండ్ల వెంట పోవుదురు. కట్టుగుడ్డలును, పరికరములును వారి జీనుసంచులలో నుండును. 1797లో ఇటలీయందు లారే ఈ దళమును సంపూర్ణముగా తీర్చిదిద్దెను. అప్పుడు అందు 340 మంది, మూడు విభాగములుగా నుండిరి. ఫిరంగులు మ్రోగుచుండగనే వారు పడినవాని ప్రక్క వాలి, నెత్తురు ఆపి, కట్టు కట్టి, వెనుకకు చేర్చెడివారు.

బండ్లకంటె గొప్పది లారే పెట్టిన మరియొక నియమము. ఎవరి గాయము ఎక్కువ ప్రమాదకరమో వారికి మొదట చికిత్స. తరువాత మిగిలినవారికి. సేనాని యైనను, సిపాయి యైనను ఒక్కటే. తనవాడైనను, శత్రువైనను ఒక్కటే. బిరుదులను బట్టి మనుష్యుల వెల కట్టుచున్న ఆ రోజులలో ఇట్టి నియమము పెట్టి, దానిని సేనాధిపతుల యెదుట నిలబెట్టుకొనుటకు ఎంత ధైర్యము కావలెనో ఊహించుకొనుడు. గుండ్లకు ఎదురు నిలుచుట కంటె ఇది తేలికయైన పని అని నేననుకొనను. నేడు ఏ పెద్ద ప్రమాదము జరిగినను వైద్యులు మొట్టమొదట చేయు పని ఈ విధముగ గాయపడినవారిని వేరుపరచుటయే.

సైన్యములకే కాక, సాయుధ దుండగులను పట్టుకొనుటకు పోవు ప్రత్యేక పోలీసు దళములకును నేడు పలుదేశములలో వైద్యులో, శిక్షణ పొందిన సహాయకులో వెంట నుందురు. 2015 నవంబరు 13వ తేదీ రాత్రి పారిసు నగరమునందు బతాక్లాన్ అను సంగీతశాలలో హంతకులు జనులపై కాల్పులు జరిపిరి. వారిలో కొందరు పై అంతస్తున బందీలను పట్టుకొని యింకను దాగియుండగనే, పోలీసు దళములతో వచ్చిన వైద్యులు క్రింది శాలలో ప్రవేశించి, బ్రతుకగలవారిని ఎంచి, బయటకు పంపించిరి. లారే తిరిగిన వీధులు గల నగరముననే ఇది జరిగెను.

ఇక మరల అతని కథకు వత్తము. 1798లో బొనపార్టు సేనాని ఈజిప్టుపై దండెత్తినప్పుడు లారే ఆ సేనకు ప్రధాన శస్త్రవైద్యుడు. ఇసుకలో చక్రములు దిగబడును. బండ్లు పనికిరాలేదు. లారే ఆ దేశపు మార్గమునే అనుసరించెను. ఒంటె మూపునకు ఇరువైపుల రెండు పొడుగాటి పెట్టెలు కట్టించి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క మనిషిని పండుకొనబెట్టి ఎడారి దాటించెను. 1799 జూలైలో అబూకీరు యుద్ధమున ఫ్యూజియేరు అను సేనాని చేయి ఫిరంగిగుండుతో నుగ్గయ్యెను. లారే ఆ చేతిని భుజము కడనే తొలగించి అతని ప్రాణము నిలిపెను. బొనపార్టు లారేకు ఒక కత్తిని బహుమానముగ ఇచ్చి, దానిపై అబూకీరు పేరును, లారే పేరును చెక్కించెను.

చేతులు కాళ్ళు తీసివేయుట నాటి వైద్యమున అంత ఎక్కువగా ఎందుకుండెనని మీరు అడుగవచ్చును. సీసపుగుండు ఎముకను ముక్కలు చేయును. తనతో బట్టపీలికలను, మట్టిని గాయములోనికి కొనిపోవును. కొన్ని దినములలో ఆ భాగము కుళ్ళి, విషము దేహమంతట వ్యాపించును. మందు లేదు. కొందరు వైద్యులు కొన్నాళ్ళు వేచి చూచి, రోగి బలహీనుడైన పిమ్మట కత్తి పట్టెడివారు. లారే దీనిని ఒప్పుకొనలేదు. తీయక తప్పనిచో మొదటి ఇరువదినాలుగు గంటలలోనే తీయవలెనని అతడు అనుభవముచే గ్రహించెను. అతని పరికరములను నేడు వస్తుప్రదర్శనశాలలలో చూచువారికి ఒడలు జలదరించును. కాని నాడు ఆ రంపము క్రింద నుండి లేచి ఇంటికి పోయిన వేలమందికి అది ప్రాణదాతయే.

1807 ఫిబ్రవరిలో ఐలో అనుచోట రష్యను సేనతో ఘోరయుద్ధము జరిగెను. మంచు కురియుచుండెను. లారే ఒక పాత కొట్టములో పని చేయుచుండెను. చలికి కొయ్యబారిన వ్రేళ్ళ నుండి సహాయకుల పరికరములు జారిపోవుచుండెను. ఆ స్థితిలో కూడ అతడొక విశేషమును గమనించెను. గడ్డకట్టినంతగా చల్లబడిన అవయవమును కోయునప్పుడు రోగికి నొప్పి అంతగా తెలియుట లేదు. మత్తుమందులు లేని కాలమున ఇది విలువైన పరిశీలన. ఇంతలో శత్రువులు ఆ వైపునకే వచ్చుచున్నారని కలవరము పుట్టెను. నడువగలవారు లేచి పరుగెత్తజొచ్చిరి. నడువలేనివారు ఏడ్చిరి. లారే చేతిలోని పని ఆపలేదు. తాను వారిని విడిచి పోనని మాట యిచ్చి, అందరిని శాంతపరచెను. కొంతసేపటికి ఫ్రెంచి ఆశ్వికులు శత్రువులను వెనుకకు తరిమిరి. ఒకవేళ తరుమకున్నచో ఏమయ్యెడిదో, లారేకును తెలియదు.

రెండేండ్ల తరువాత, 1809లో, డాన్యూబు నదిలోని లోబావు దీవిలో వేలకొలది గాయపడినవారు చిక్కుకొనిరి. వంతెన కొట్టుకొని పోయెను. తిండి లేదు, పాత్రలు లేవు. లారే గుర్రములను చంపించి, ఆశ్వికుల ఉక్కుకవచములనే కుండలుగా నిప్పుపై పెట్టించి, ఉప్పునకు బదులు తుపాకిమందు చల్లించి, మాంసపురసము కాయించెను. తమ గుర్రములు పోయినవని కొందరు సేనానులు చక్రవర్తికి ఫిర్యాదు చేసిరని చెప్పుదురు. చక్రవర్తి ఆ ఫిర్యాదును మన్నించక, లారేకు ఆ యేడే బారన్ బిరుదమునిచ్చెను. ఈ దీవిలోనే ప్రసిద్ధ సేనాపతి లాన్ కాలును లారే తొలగించవలసి వచ్చెను. లాన్ అతనికి మిత్రుడు. కొన్ని దినములకు అతడు మరణించెను.

1812లో నెపోలియను రష్యాపై దండెత్తెను. సెప్టెంబరు 7వ తేదీన బొరొడినో యుద్ధమున ఒక పగలు, ఒక రాత్రి లోపల లారే సుమారు 200 అవయవచ్ఛేదములు చేసెను. తిరుగుదారి కథ అందరు ఎరిగినదే. మంచు, ఆకలి, వెంటాడు శత్రువులు. నవంబరు చివరి దినములలో బెరెజీనా నదిపై కట్టిన బలహీనపు వంతెనలమీద వేలజనము ఒకరినొకరు త్రొక్కుకొనుచుండిరి. బలవంతుడు దాటెను, బలహీనుడు నీటబడెను. అట్టి చోట గుంపులో ఎవరో లారేను గుర్తుపట్టిరి. వెంటనే పేరు ఒక నోటినుండి మరొక నోటికి ప్రాకెను. తన ప్రాణము తప్ప మరేమియు తలపని ఆ సిపాయిలు అతనిని పైకెత్తి, చేతులమీదుగా ఒకరికొకరు అందించుచు ఆవలి ఒడ్డునకు చేర్చిరి. ఏ చక్రవర్తియు ఇయ్యలేని బిరుదము ఇది.

కాని లారే జీవితమున అన్నిటికంటె గొప్ప ఘట్టము, నా అభిప్రాయమున, రక్తము చిందని చోట జరిగెను. 1813లో కొత్తగా చేర్చుకొన్న చిన్నవాండ్రతో నెపోలియను జర్మనీలో యుద్ధములు చేసెను. రెండు యుద్ధముల తరువాత రెండువేలకు పైబడిన సిపాయిలు చేతివ్రేళ్ళకును, అరచేతులకును గాయములతో వచ్చిరి. యుద్ధము తప్పించుకొనుటకు వారు తమ చేతులను తామే కాల్చుకొనిరని కొందరు సేనానులు చక్రవర్తికి చెప్పిరి. చక్రవర్తి మండిపడెను. దోషులను కాల్చి చంపించుటకు సిద్ధమయ్యెను. లారే ఎదురు నిలిచి, పరీక్షించనిదే శిక్షింపరాదని పట్టుబట్టెను. కోపములో నున్న చక్రవర్తికి ఎదురాడుట ఎట్టిదో చెప్పనేల? అనుమతి పొంది, ఇతర వైద్యులతో కలిసి, ఒక్కొక్కని చేయిని ఒక్కొక్కటిగా పరిశీలించెను. తుపాకి కాల్చు పద్ధతిలోనే లోపమున్నదని తేలెను. సిపాయిలు మూడు వరుసలుగా నిలుచుచుండిరి. తగినంత శిక్షణ లేని వెనుక వరుసవాండ్రు కాల్చినప్పుడు ముందువాండ్ర చేతులకు గుండ్లు తగులుచుండెను. ఏ ఒక్కడును బుద్ధిపూర్వకముగ గాయపరచుకొన్నట్లు ఋజువు కనబడలేదు. లారే ఆ నివేదికను తానే కొనిపోయి ఇచ్చెను. నెపోలియను మొదట ముఖము చిట్లించెనేమో గాని, తరువాత నిజమును ఒప్పుకొని, అతనికి తన చిత్రపటమును, వార్షిక వేతనమును బహుకరించెను. బ్రతికి బయటపడిన ఆ చిన్నవాండ్రలో తమకు ఏమి తప్పిపోయెనో ఎందరికి తెలిసియుండునో!

1815 జూన్ 18వ తేదీన వాటర్లూ యుద్ధము జరిగెను. పొగ నడుమ గాయపడినవారిని ఏరుచున్న లారేను దూరమునుండి చూచి, ఆంగ్లసేనాపతి వెల్లింగ్టను ఆ వైపునకు కాల్పులు ఆపించి, టోపీ తీసి గౌరవించెనని ఒక కథ ప్రసిద్ధముగ నున్నది. ఆ సాయంకాలము ఫ్రెంచి సేన ఓడిపోయెను. గాయపడిన లారే ప్రష్యనుల చేత చిక్కెను. అతని ఆకారము కొంత నెపోలియనును పోలియుండుటచే వారు మొదట పొరబడి, తరువాత కోపముతో కాల్చి చంపుటకు నిశ్చయించిరి. బెర్లినులో లారే ఉపన్యాసములు విన్న ప్రష్యను వైద్యుడొకడు అతనిని గుర్తించెను. దానితో అతనిని సేనాపతి బ్లూషరు కడకు కొనిపోయిరి. ఈ బ్లూషరు కుమారుడు అంతకు రెండేండ్ల క్రిందట గాయపడి ఫ్రెంచివారికి బందీయైనప్పుడు అతని ప్రాణము కాపాడినవాడు లారేయే. తండ్రి ఆ ఋణము మరువలేదు. లారేను గౌరవముతో విడిపించి పంపెను.

నెపోలియను పతనముతో లారే కూడ బిరుదములు, వేతనములు పోగొట్టుకొని కొంతకాలము కష్టపడెను. పరదేశముల ఆహ్వానములు వచ్చినను పోలేదు. 1821లో సెంటుహెలీనా దీవిలో నెపోలియను మరణించెను. తన మరణశాసనమున లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసి, తాను ఎరిగినవారిలో అతనికంటె గుణవంతుడు లేడని పేర్కొనెను. ఆ చక్రవర్తి లక్షలమందిని చావునకు నడపినవాడు. వారిలో కొందరినైనను మరల ఇంటికి చేర్చినవాడు లారే. అయినను అతనిపై లారే భక్తి చివరివరకు సడలలేదు. మనుష్యస్వభావము ఇట్టిది.

1830 జూలైలో పారిసు వీధులలో మరల విప్లవము చెలరేగెను. అప్పుడు లారే గ్రో కాయూ సైనిక వైద్యశాలకు ప్రధాన శస్త్రవైద్యుడు, వయస్సు అరువదినాలుగు. రాజు పక్షమున పోరాడి గాయపడిన సిపాయిలు లోపల మంచములపై నుండిరి. వారిని తమకు అప్పగింపుమని ఆయుధపాణులైన జనులు ద్వారము కడకు వచ్చిరి. ముసలి వైద్యుడు గడపపై నిలిచెను. వారు తన రోగులనియు, వారిని తాకువారు మొదట తన్ను తాకవలెననియు తెలిపెను. జనులు వెనుదిరిగిరి.

1842లో, డెబ్బదియారేండ్ల వయస్సు సమీపించుచుండగా, సైనిక వైద్యశాలలను పరీక్షించుటకు లారే ఆల్జీరియాకు ప్రయాణమయ్యెను. తండ్రి మార్గముననే వైద్యుడైన కుమారుడు ఇపోలీతు వెంట నుండెను. ఎండలలో ఆసుపత్రి నుండి ఆసుపత్రికి తిరిగి తిరుగుదారిలో అతడు జబ్బుపడెను. భార్య ఎలిజబెతు, మంచి చిత్రకారిణి, 1794లో అతనిని పెండ్లాడి, అతడు యుద్ధములలో నున్నంత కాలము ఇల్లు నడపినది. ఆమె ఆ జూలై 22వ తేదీన ఇంటి కడ మరణించెను. ఆ వార్త లారేకు అందలేదు. మూడు దినముల తరువాత, 25వ తేదీన, లియాన్ నగరమున అతడు కన్ను మూసెను. పారిసులోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో అతనిని ఖననము చేసిరి. 1992లో ఫ్రాన్సు ప్రభుత్వము అతని అవశేషములను అక్కడినుండి తీసి, వృద్ధసైనికులకొరకు పూర్వము కట్టిన అంవాలీదు భవనమునకు చేర్చెను. నెపోలియను సమాధియు అక్కడనే కలదు.